రేపటి సంగతి చెప్పలేని మావయ్య

మా మావయ్యకు దేన్ని చూసినా ముందు దాని చావే కనిపించేది. గడియారాలు బాగుచేసే మనిషి. బాగుచేసింది చేతికిస్తూ, "ప్రస్తుతానికి నడుస్తోంది. ఎన్నాళ్ళో చెప్పలేను" అనేవాడు. కొత్త గొడుగు చూపిస్తే గాలివాన గురించి మొదలుపెట్టేవాడు.

అలాంటివాడికి పక్క వాటా టీచరమ్మ తన తీగను అప్పగించింది. కుండీలో గుచ్చిన వెదురుపుల్లల మీదికి పాకిన తీగ, ఏడాది పొడవునా పచ్చగా ఉండే రకం. పోయిన భర్త చేత్తో నాటింది. తుంటి ఎముక విరిగి ఆవిడ ఆస్పత్రికి వెళ్తోంది.

"కాస్త చూస్తూండండి అన్నయ్యగారూ."

"చూస్తాను. కానీ ఇది బతకదమ్మా."

స్ట్రెచర్ మోసేవాళ్ళు కూడా ఆయన వంక గుర్రుగా చూశారు.

ఆ నెలలన్నీ ముసురే. మావయ్య రోజూ కొట్టు కట్టేసి ఆస్పత్రికి వెళ్ళేవాడు. ఒకసారి నేనూ వెళ్ళాను. టీచరమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. అన్నం ముట్టడం లేదు, కాలు కింద పెట్టడం లేదు.

"తీగ ఎలా ఉంది?"

"చిగురేసింది. రేపటి సంగతి చెప్పలేను."

"రేపొచ్చి చెప్పండి మరి."

బయటికొచ్చాక తగువేసుకున్నాను. "రోగి దగ్గర అవేం మాటలు మావయ్యా?"

"ఉన్నమాటేగా అన్నాను!"

ఆ ఉన్నమాట ఏమిటో మొక్కల నర్సరీలో తెలిసింది. ఓ రోజు మొక్క కొందామని నేను వెళ్ళేసరికి నర్సరీ అతను మావయ్యకు చీవాట్లు పెడుతున్నాడు. "నీళ్ళు తగ్గించండి బాబూ! వేళ్ళు కుళ్ళిపోతున్నాయి. మీరు కొంటున్న తీగ ఇది మూడోది!"

మావయ్య నన్ను చూసి బిక్కచచ్చిపోయాడు. "దిగాలుగా కనిపిస్తే ఇంకాసిని పోశానురా. ఆవిడకు చెప్పకు."

మూడు నెలలకు టీచరమ్మ చేతికర్రతో తిరిగొచ్చింది. వంగి ఆకు తడిమింది. "ఆయన నాటినదానికి అంచు తెల్లగా ఉండేది."

"దిగులుకి రంగు మారిందమ్మా."

"ఎన్నోది?"

"మూడోది."

ఆవిడ కళ్ళొత్తుకుని, "తీగ బాగుందని ఒక్కరోజు చెప్పి ఉంటే నిశ్చింతగా కళ్ళు మూసేదాన్ని. రోజూ భయపెట్టారు. మర్నాటి కబురు కోసమైనా నాలుగు ముద్దలు తిన్నాను" అంది.

తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుంది. ముప్పయ్యేళ్ళు పాఠాలు చెప్పిన గొంతు.

"వేలు మట్టిలో పెట్టండి. తడి తగులుతోందా? తగిలితే నీళ్ళు పోయకూడదు."

అరవై దాటిన మా మావయ్య కుండీ ముందు గొంతుక్కూర్చుని, చూపుడువేలు మట్టిలో గుచ్చి, ఒకటో తరగతి పిల్లాడిలా అన్నాడు: "తగుల్తోందండీ."