‘అట’ అనని అత్త

మా మేనత్త అబద్ధాలకోరు అన్నది ఆరోపణ. చూడనిదాన్ని చూశానని చెప్పి ఒక పెద్దమనిషి సున్నపు బట్టీ మీద నింద వేసిందని సూర్యాపేట అంగడిలో బాహాటంగానే అంటున్నారు. ఆమె మిర్యాలగూడలో జ్వరంతో కన్నుమూసింది. ఇంకా దినాలు కూడా కాలేదు. ఆ వార్త తెచ్చిన బండివాడు మా గడప తొక్కలేదు. “అమ్మ పోయిందట” అని గొంతు తగ్గించి చెప్పి, వీధికి రెండు వైపులా చూసి, ఎడ్లను అదిలించాడు. చావు కబురు కూడా చాటుగా చెప్పుకోవలసిన కాలంలో బతుకుతున్నాం.

ఆరోపణలో కొంత నిజముంది. అంత మాత్రం ఒప్పుకొని, మిగిలినదానికి జవాబు చెబుతాను.

మధ్యాహ్నం పూట మా వసారాలో వాడకట్టు ఆడవాళ్ళు చేటలు పట్టుకొని కూర్చునేవారు. ఇతరుల ఇళ్ళలో అప్పుడు పురాణం నడిచేది. మా ఇంట్లో పాలకీడు వైపు సున్నపు బట్టీల ముచ్చట్లు నడిచేవి. రాయి కొట్టేవాళ్ళ అరచేతులు ఎలా ఉంటాయో, బట్టీలోకి కట్టెలు పోయి పోయి గుట్ట ఎలా బోడిదైపోయిందో, వాగులో తెల్లనీళ్ళకు మూతి పెట్టిన బర్రె ఎలా తల విదిలించుకొని వెనక్కి తిరుగుతుందో అత్త చెబుతుంటే, చెరగడం ఆపి వినేవారు.

“ఓ వదినా, ఇగ ఆకుల సున్నం గూడ రాసుకోనియ్యవా మమ్ముల?” అని పొరుగింటావిడ ఒకసారి నవ్వింది.

“రాసుకో. ఆకు నములుకుంటనే ఇను. ఎవలొద్దన్నరు?” అంది అత్త.

ఆమెకు ఒక పట్టింపు ఉండేది. కథ చెప్పేటప్పుడు ‘అట’ అనేది కాదు. తాను చూసినదే చెప్పేది. చూడనిదైతే, చూసినవారి పేరు చెప్పి వారి మాటగానే చెప్పేది. నేను కాలేజీ నుంచి వచ్చి, పట్నంలో ఏదో జరగబోతోందట అని ధాటిగా మొదలుపెడితే మధ్యలోనే ఆపింది.

“అటనా? ఎవలన్నరు?”

“అందరూ అంటున్నరు అత్తా.”

“అందరికి మొకం ఉండదు బిడ్డా. ‘అట’ ఎన్క ఒక మనిషి నిలబడి ఉంటడు. ఆ మనిషిని సూపియ్యి, లేకుంటే మాట మింగు. నీ నోరు కత్తే గని, కత్తితోని బువ్వ తింటమా?”

వాదంలో నన్ను ఓడించిన వేదికలు తక్కువ. ఆ వసారాలో మాత్రం తరచూ ఓడిపోయేదాన్ని.

ఈ ఎండాకాలంలో ఒక దొర గడీ ప్రహరీకి సున్నం తొందరగా కావలసి, చల్లారని బట్టీని తెరిపించారు. గోడ విరిగి ఒక కూలి మీద పడింది. అతన్ని బయటికి తీయలేదు. పని ఎగ్గొట్టి ఊరు విడిచి పారిపోయాడని చాటించారు. ఈ కథను అత్త వసారాలో చెప్పింది. మొదటిసారిగా, ఎవరి పేరూ చెప్పలేదు.

కొద్ది రోజులకే బట్టీ పెత్తందారు కర్రల మనుషులను వెంటబెట్టుకొని మా వాకిట్లోకి వచ్చాడు. ఆడవాళ్ళంతా గోడకు ఒదిగారు.

“ఎవలు చెప్పిన్రు నీకు?”

 అత్త చేతిలోని చేటలో చెరగకుండానే బియ్యం ఎగురుతున్నాయి.

“ఎవలో చెప్పేదేంది? నేనే సూసిన.”

“నువ్వా? ఏడ నిలబడి సూసినవ్?”

“వాగొడ్డున. నీ రుమాలు గూడ సూసిన, ఎర్రది.”

వాడి చెయ్యి తనకు తెలియకుండానే తలపాగా మీదికి పోయింది. “కండ్లు పోతయ్ ముసల్దానా, జర పైలం” అన్నాడు.

“సున్నం కాడ తిరిగెటోళ్ళకే ముందుగాల పోతయ్ నాయినా.”

వాళ్ళు వెళ్ళిన తర్వాత ఆమె లేవలేకపోయింది. నేను చంకల కింద చేతులు వేసి పట్టుకున్నాను. “అత్తా, ఆ దినం మనం కోదాడల ఉన్నం గద!”

“మెల్లగ. ‘అట’ అంటే, చెప్పిన మనిషిని ఈడికి గుంజుకొస్తరు. సూసిన్నంటే నా కాడనే ఆగుతది.”

“భయం గాలేదా?”

“నడుము కింద కాళ్ళున్నయో లేవో జర నువ్వే సూడు.”

ఆమె ఆడిన అబద్ధం అదొక్కటే. ఆ తర్వాత ఆమెను మిర్యాలగూడ బంధువుల ఇంటికి పంపించాం. అక్కడ కూడా వాకిట్లో బండి ఆగిన ప్రతిసారీ తలుపు వైపు చూసేదని ఆమె పక్కన పడుకున్న మా అమ్మ చెప్పింది.

ఇప్పుడు ఆ రోజు అత్త కోదాడలో ఉందన్న సంగతి బట్టీ యజమానైన ఆ పెద్దమనిషికి తెలిసిపోయింది. అబద్ధాలకోరు అన్న మాట అక్కడి నుంచే వచ్చింది. ఆ మాట వెనుక ఉన్న ప్రశ్న మీకు వినిపిస్తోందా? ఆమె చూడలేదు సరే, మరి ఆమెకు చెప్పిందెవరు? అత్త దగ్గర ఆగిన వెతుకులాట ఇప్పుడు ఆమెను దాటి బయలుదేరింది. వేదిక మీద ఓడితే పరువు పోతుంది. ఇక్కడ ఓడితే ఒక ప్రాణం పోతుంది. ఆ మనిషి ఆడో మగో, పడుచో ముసలో, నా నోట రాదు. 

తొలకరి వాన పడిన మరునాడు నేను ఆ బట్టీ దగ్గరికి వెళ్ళాను. కూలిన బట్టీని ఇంతవరకూ ఎవరూ తవ్వలేదు. వానకు తడిసిన ఆ సున్నపు కుప్పలో నుంచి ఆవిరి లేస్తోంది. కింద ఎవరో ఊపిరి తీస్తున్నట్టు, ఒకచోట ఆగి, మరోచోట లేస్తోంది. వాగు దాకా పరుగెత్తాను. నేను ధైర్యవంతురాలినని ఎవరూ అనుకోకండి.

మా అత్తను మెచ్చుకోమని మిమ్మల్ని అడగను. రేపు తెల్లవారగానే పాలకీడు బాటన బయలుదేరుతున్నాను. గడ్డపారలు పట్టుకొని రండి. ఆ కుప్పను తవ్వుదాం. కింద ఉన్నది మీ కళ్ళతో చూడండి. ఆపైన ఎవరు చెప్పారని వాళ్ళు అడిగితే, ఏ ఒక్కరి పేరూ వెతకడానికి వీలు లేకుండా, మీరంతా కలిసి జవాబు చెప్పండి: మేం చూసినం.