గట్టు తడవకుండా

పొద్దున నేను పాఠాలు చెప్పే బడికి బయలుదేరి బస్సు కోసం చూస్తుంటే మా అన్న ఫోన్ చేశాడు. "నాయన పోయినాడురా. నిద్దట్లోనే పోయినాడు. పక్క మంచంలోనే ఉన్నా, నాకు తెలవనే లేదు" అన్నాడు. ఆ చివరి మాటే మళ్ళీ మళ్ళీ అన్నాడు. అన్న అంటే మా పెద్దనాయన కొడుకు. నేను గిద్దలూరు బస్టాండులో, పిల్లలు చూస్తారన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాను.

మాది కొనకనమిట్ల పక్కన పల్లె. పెద్దనాయన మార్కాపురం పలకల గనుల్లో రాయి కొట్టే పనికి పోయేవాడు. సాయంత్రం ఒళ్ళంతా బూడిదరంగు దుమ్ముతో బస్సు దిగి, ఇంటికి రాకుండా నేరుగా మోటబావికి వచ్చేవాడు. అన్నా నేనూ అప్పటికే అక్కడ ఉండేవాళ్ళం. నా నడుముకు ఎండు సొరబుర్ర కట్టి నీళ్ళలోకి వదిలింది ఆయనే. భయంతో మెడ పట్టుకు వేలాడితే తిట్టేవాడు కాదు. "నీళ్ళు నిన్ను మోస్తాయిరా, నువ్వు వాటిని మొయ్యబాకు" అనేవాడు.

ఈత వచ్చాక దూకడం నేర్పాడు. పరిగెత్తుకొచ్చి, గాల్లో మోకాళ్ళు రొమ్ముకు ముడుచుకుని ధబ్బున పడాలి. నీళ్ళు లేచి గట్టు మీద కూర్చున్నవాళ్ళ మొహాలు తడవాలి. మా ఊళ్ళో గెలుపు లెక్క అదే. "గట్టు తడవాలబ్బయ్యా. తడవకపోతే నువ్వు దూకినట్టు ఎవురికి తెలుస్తాది?" అనేవాడు. ఆయన దూకితే మోటారు గది గోడ కూడా తడిసేది. ఆ రోజుల్లో ఆయన కంటే గొప్పవాడు లోకంలో ఉంటాడని నేను అనుకోలేదు.

తర్వాత ఊరంతా బోర్లు వేశారు, బావి ఎండిపోయింది. గనుల దుమ్ము మాత్రం ఆయన ఊపిరితిత్తుల్లో అట్లాగే ఉండిపోయింది. ఒకప్పుడు బావి అడుగుకు మునిగి గుప్పెడు బురద తెచ్చి చూపించిన మనిషి, ఇంటి నుంచి చర్చికి పోవడానికి కనపడిన ప్రతి అరుగు మీదా కూర్చునేవాడు. నాకది చూడబుద్ధయ్యేది కాదు.

ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక వాళ్ళింట్లో టీవీ పెట్టాను. ఏవో అంతర్జాతీయ పోటీలు, మగవాళ్ళ డైవింగ్. పది మీటర్ల ఎత్తు నుంచి దూకుతున్నారు. పెద్దనాయన లేచి కూర్చున్నాడు. ఒకడు అంచున చేతుల మీద తలకిందులుగా నిలబడి, పల్టీలు కొట్టి, చుక్క లేవకుండా నీళ్ళలోకి దిగిపోయాడు. "అయ్యో, వీడి పని అయిపోయింది పో" అన్నాడు పెద్దనాయన. తర్వాతివాడికి వీపు తగిలి నీళ్ళు ఎగిసిపడ్డాయి. "ఇదీ దూకడమంటే! బంగారు పతకం వీడికే" అన్నాడు. వాడికి అందరికంటే తక్కువ మార్కులొచ్చాయి.

"మార్కులేసే పెద్దమనుషులకు చూపు ఆనదా ఏంది?"

నీళ్ళు ఎంత తక్కువ లేస్తే అంత ఎక్కువ మార్కులని చెప్పాను. పోటీ ముగిశాక, "అంత ఎత్తు నించి వచ్చి, నీళ్ళకు తెలవకుండా పోతన్నారురా" అన్నాడు. ఆ గొంతులో అసూయే ఉంది. ఆ రోజు నుంచి ఆయనకు ఒకటే కోరిక: మన బావిలో ఎవరైనా అట్ల దూకితే, గట్టు మీద కూర్చుని చూడాలని.

ఈ ఏడు తుఫాను వానలకు బావి నిండింది. నన్ను రమ్మని కబురు పెట్టాడు. అన్న ఆయన్ని బండి మీద తెచ్చి, నీళ్ళ అంచున ఉన్న నున్నటి రాయి మీద కూర్చోబెట్టాడు. నేను చేతులు జోడించి, తల ముందుకు పెట్టి దూకాను. గాల్లోకి పోగానే మోకాళ్ళు వాటంతటవే ముడుచుకున్నాయి. పైకొచ్చి చూస్తే ఆయన లుంగీ తడిసిపోయి ఉంది. మళ్ళీ దూకాను, మళ్ళీ అదే. నవ్వబోయి దగ్గాడు, ఆ దగ్గు ఎంతకీ ఆగలేదు. "నేనే మిమ్మల్ని అట్ల పాడుచేసినా" అన్నాడు. ఇంటికి పోయేటప్పుడు బండి మీద నుంచి, "కాళ్ళు చాపడం నేర్చుకోరా. నేను పోయేలోపల ఒక్కసారి చూపియ్యి" అన్నాడు. సెలవులకు వస్తానని చెప్పాను. అప్పటికి ఉంటాడనే అనుకున్నాను.

ఆ మధ్యాహ్నమే పాస్టరుగారు ప్రార్థన చేశారు, మట్టి వేశాం. స్నానాలకు మగవాళ్ళమంతా మోటబావికే పోయాం. అన్న అటు తిరిగి తువ్వాలు చుట్టుకుంటున్నాడు. నేను గట్టు అంచున నిలబడ్డాను. దూకాలని అనుకుని వచ్చింది కాదు. చేతులు జోడించాను, అంతే. నీళ్ళలోకి పోయాక గానీ నాకే తెలియలేదు, కాళ్ళు చాపే ఉన్నాయని.

పైకి తేలేసరికి అన్న ఇటు తిరిగాడు.

"ఎప్పుడు దూకినావురా? నాకు తెలవనే లేదు."

ఆ మాట అన్నాక తను పొద్దున ఫోన్‌లో అన్నదీ అదేనని గుర్తొచ్చిందేమో, అక్కడే కూలబడి ఏడ్చాడు. నేను ఈదుకుంటూ పెద్దనాయన కూర్చున్న రాయి దగ్గరకు పోయాను. ఒక్క చుక్క పడలేదు. ఎండకు తెల్లగా, పొడిగా ఉంది. దాన్ని పట్టుకునే పైకి ఎక్కాలి. తడి చేతులతో దాన్ని ముట్టుకోబుద్ధి కాక, చాలాసేపు ఆ నీళ్ళలోనే ఉండిపోయాను.