నేను ఎంచిన తెల్ల నేల

మొన్న ఆదివారం ఆరాధన ముగిశాక, స్నానాల గదులు కొత్తగా కట్టిస్తామంటూ మా సంఘపెద్దలు నేలకు వేసే టైల్స్ నాలుగు రకాలు తెచ్చి నా ముందు పెడితే, నేను వాటి రంగు చూడలేదు, చెప్పులు విడిచి, చెంబెడు నీళ్లు పోసి, ఒక్కొక్కదాని మీద అరికాలు రాసి చూశాను.

తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తలో, నల్గొండ దగ్గరి మా ప్రార్థన మందిరంలో ఉపవాస కూటాలకు వచ్చే వందలాది మంది కోసం ఇప్పుడున్న పాత గదులు కట్టించే పని కూడా నా మీదే పడింది. మన ఉప్పునీళ్ల సంగతి మీకు తెలిసిందే, ఇనుప నల్లాలు ఏడాది తిరగకుండానే తుప్పు పట్టేవి, అందుకని ఇత్తడివి పెట్టించాను, అక్కడిదాకా బాగానే ఉంది. నేలకు మాత్రం, మరక పట్టదని, దేవుని సన్నిధికి వెళ్లేవారు అడుగుపెట్టే చోటు మెరవాలని, నున్నటి తెల్ల టైల్స్ ఎంచుకున్నాను. తాపీ పని చేసే మా బావకు అది నచ్చలేదు.

"బామ్మర్దీ, మూడొద్దులు పస్తులున్నోళ్ల కాళ్లు మొదలే వణుకుతుంటయి. గీ అద్దం మీద నిలవడతరా? గరుకు షాబాదు బండ ఎయ్యి."

"దేవుని బిడ్డల కాలెట్ల జారుతది బావా? నీకు విశ్వాసం తక్కువ."

"విశ్వాసం నీదే గని, ఇరిగే నడుము ఇంకోళ్లది," అని నవ్వి, నేను చెప్పినట్టే పరిచాడు.

ఆ ఏటి కూటాల మూడవనాటి ఉదయం, ఉపవాసం విడిచే ముందు స్నానానికి వెళ్లిన మా అక్క, నాకు చిన్నప్పుడు మోకరించడం నేర్పిన అక్క, మందిరంలో ప్రతి పాటా ఎత్తుకునే అక్క, ఆ సబ్బునీళ్లలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. దవాఖానలో నేను తల దించుకుని నిలబడితే, తానే చూసుకోక పడ్డానన్నది; తిట్టినా బాగుండేది. ఆ తర్వాత బతికిన నాలుగేళ్లూ చివరి వరుసలో కుర్చీలో కూర్చుని, పాట ఎత్తుకోకుండా, పెదవులు మాత్రం కదిపేది.

అన్నిటికంటే గరుకుగా, అందం లేకుండా ఉన్న బూడిదరంగు టైల్‌ను పెద్దలకు చూపించాను. అందరూ సరేనన్నారు. ఒక్క బండ కోసం అంతసేపు వాదించుకునే రోజులు పోయాయి, ఎదురు చెప్పే బావా పోయాడు, ఇప్పుడు నేనేమన్నా తలలూపుతారు. వచ్చేటప్పుడు పాత గదిలోకి తొంగి చూశాను. గోడల సున్నం రాలిపోయింది, తలుపులు చెదలు తినేశాయి. ఆ తెల్ల నేల మాత్రం, పరిచిన నాటిలాగే, ఒక్క గీత పడకుండా మెరుస్తూ ఉంది.