సమ్మె రోజుల్లో తెరిచిన గేటు

నేను రిటైరవడానికి ముందు ఏడాది వసంతంలో ప్రభుత్వోద్యోగుల సమ్మె మొదలైంది. అప్పుడు నేను కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో, ప్రభుత్వ అటవీ భూముల్లోని కాలిబాటలకూ వంతెనలకూ ఇంజనీరింగ్ మేనేజర్‌ని. మేనేజర్లు యూనియన్‌లో ఉండరు కాబట్టి సమ్మెలోనూ మేము పనికి వెళ్లాల్సిందే. బాటలు చూసుకునే రేంజర్లు లేరని, గేట్లన్నీ మూసేయమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది.

బర్నబీ నగరం వాళ్లు సెలవు రోజుల్లో ఎక్కువగా వచ్చే ఒక కొండబాట నా పరిధిలో ఉండేది. దాని మొదటి వంతెన దగ్గరే గేటు. దానికి నేనే తాళం వేశాను. శనివారం వెళ్లి చూస్తే జనం ఆగలేదు. వంతెన కింద మంచు కరిగి ఉరవడిగా పారుతున్న వాగులో రాళ్ల మీద కాళ్లు వేసుకుంటూ దాటుతున్నారు. నా కళ్ల ముందే ఒక పాప జారి నడుము లోతు నీళ్లలో పడింది. తండ్రి జాకెట్ పట్టుకుని పైకి లాగాడు. తెలుగువాళ్లు. అతని పేరు సుధాకర్, ఐటీ ఉద్యోగి.

ఇంత ప్రమాదం ఎందుకు తెచ్చుకున్నారని గట్టిగానే అడిగాను. అతను పాపకు తన స్వెటర్ తొడుగుతూ అన్నాడు: "తప్పే ఆంటీ. కానీ గేట్ ఎందుకు క్లోజ్ చేశారో ఎక్కడా రాయలేదు. స్ట్రైక్ ఆఫీసులో కదా, కొండ మీద కాదుగా?"

అక్కడి నుంచే మా డైరెక్టర్‌కి ఫోన్ చేశాను. తాళం వేసి మనమే జనాన్ని వాగులోకి దింపుతున్నామని చెప్పాను. నిజంగా మూయాల్సింది పైనున్న రెండో వంతెన ఒక్కటే. దాని రాతికట్టు కింద మట్టిని నీళ్లు తొలిచేస్తున్నాయని నా తనిఖీలో తేలింది. ఎవరికైనా ఏమైనా అయితే ఎలా అని ఆయన సందేహించారు. కొండల్లో తప్పిపోయినవాళ్లను వెతికేది వాలంటీర్లు, వాళ్లకు సమ్మె లేదని గుర్తుచేశాను.

"నిర్ణయం నాదని రాసుకోండి," అన్నాను. ఆయన ఒప్పుకున్నారు.

గేటు తెరిచి, పై వంతెనకు రెండు వైపులా అడ్డుపలకలు బిగించాను. వంతెన ఎందుకు మూశామో పెద్ద అక్షరాలతో బోర్డు రాసి, మట్టి కోసుకుపోయిన చోటు కనపడేలా బాణం గుర్తు వేశాను. తర్వాత రోజూ వెళ్లి చూశాను. బురదలో అడుగుజాడలు పలకల దాకా వచ్చి, బాణం చూపిన వైపు కాసేపు తచ్చాడి, వెనక్కి తిరిగేవి. పలకలు దాటిన అడుగు ఒక్కటీ కనపడలేదు. సమ్మె ముగిసి మరమ్మతు బృందం వచ్చేలోపే ఆ వంతెన ఒక చివర కుంగిపోయింది. అప్పుడు దాని మీద ఎవరూ లేరు.

ప్రజల భూమిని మూసే అధికారం మాకుంది. ఆ అధికారం పనిచేయాలంటే మూసిన కారణం గేటు ముందు నిలబడ్డవాడికి కనపడాలి.