అడుగున రాత లేని బెంచీ

డిసెంబరు మొదటి శనివారం, సాయంత్రం నాలుగున్నర. టెక్కలిలో మా మందిరం. హాజరైనవారు: పాస్టరు గారు, నా భార్య, స్త్రీల సమాజంలో అందరికన్నా పెద్దావిడైన మామ్మగారు, నా చిన్ననాటి స్నేహితుడైన వడ్రంగి, నేను. మొత్తం ఐదుగురం.

క్రిస్మస్ ముందు సున్నాలు వేయించాలి కనుక బెంచీలన్నీ బయట అరుగు మీదికి చేరుస్తున్నాం. కాళ్లు కదిలినవి చూసి బాగుచేయడానికి వడ్రంగిని పిలిచాం. అతను మా సంఘం మనిషి కాదు. రావివలస రోడ్డులో వాళ్ల నాన్న నాటి నుంచీ కొట్టు ఉంది. ఐదో తరగతిలో ఒకే పలక మీద లెక్కలు చేసినప్పటి నుంచి నన్ను బావా అనే పిలుస్తాడు.

ఎడమ గోడ వారగా ఉన్న పనస బెంచీ నేను చేసింది. రెండేళ్ల కిందట మందిరానికి ఇచ్చాను. ఒక కొస పాస్టరు గారు, ఒక కొస నేను పట్టుకున్నాం. గుమ్మంలోంచి రావడం లేదని దాన్ని బోర్లా తిప్పాం. అడుగుభాగం పైకి వచ్చింది. అక్కడ ఏమీ రాసి లేదు.

నేను చేసిన ప్రతి వస్తువు అడుగునా పెన్సిలుతో తేదీ, కర్ర ఏ చెట్టుదో, పని ఎన్ని రోజులు పట్టిందో రాస్తాను. ముప్పై ఆరేళ్లు స్టేషను మాస్టరుగా పనిచేశాను. ఏ బండి ఏ నిమిషానికి వచ్చిందో రాయకుండా ఏనాడూ డ్యూటీ దిగలేదు. ఇంటి డైరీలు అది కాక వేరే. రాత చెరిగిపోయిందేమో అని కళ్లజోడు తుడుచుకుని వంగి చూశాను. కాళ్లు పలకలోకి దిగిన బెజ్జాలు కనిపించాయి. ఎక్కడా గోరు దూరే సందు లేదు. అంత శుభ్రమైన పని నా చేతికి ఎప్పుడూ రాలేదు.

"ఇది నాది కాదు," అన్నాను.

అదేమిటి మాస్టారూ అని ఎవరైనా ఆశ్చర్యపోయి ఉంటే బాగుండేది. ఎవరూ ఆశ్చర్యపోలేదు. పాస్టరు గారు తన కొసను మెల్లగా కింద పెట్టారు. మామ్మగారు మెట్టు మీద కూర్చుండిపోయింది. నా భార్య మడత పెట్టిన తివాచీనే మళ్లీ విప్పి మడత పెట్టసాగింది. నలుగురికీ తెలుసునని నాకు అలా తెలిసింది.

ఆ సంగతి అంతగా ఎందుకు తగిలిందంటే, అప్పటికి నా షెడ్డులో ఇంకో పని సగంలో ఉంది. రొట్టె, ద్రాక్షరసం ఉంచే బల్లకు చెదలు పట్టింది. కొత్తది నేను చేస్తానని అక్టోబరులో అడిగితే సంఘం ఒప్పుకుంది. ఆ రోజు చప్పట్లు కూడా కొట్టారు. క్రిస్మస్ ఆరాధనకు అది మందిరంలో ఉండాలి. అప్పటికి రెండు నెలలుగా దాని మీదే ఉన్నాను. నాలుగు కాళ్లూ, పలకా అయ్యాయి, బిగించడమే మిగిలింది.

ఈ పని నాకు నేర్పింది ఆ వడ్రంగే. రిటైరైన ఏడాది ఇంటి వెనక రేకుల షెడ్డు వేయించి, ఫోనులో వీడియోలు చూసి, కావలసిన పనిముట్లు డైరీలో వరుసగా రాసుకున్నాను. ముప్పై ఒకటి తేలాయి. అతను ఆ పేజీ చూసి చెవి మీద పెన్సిలు తీసి ఇరవై ఐదు కొట్టేశాడు. కరెంటు మిషన్లు ఒక్కటీ ఉంచలేదు. మిగిలిన ఆరూ కొనడానికి ఇద్దరం పలాస వెళ్లాం. కాశీబుగ్గ బజారులో ఒక్కో రంపాన్నీ వేలితో మీటి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. కర్ర నునుపు చేసే చిత్రికను తిరగేసి దాని అడుగును వెలుతురుకు ఎదురుగా పట్టి, ఒక కన్ను మూసి చూశాడు. నాలుగు పక్కన పెట్టి ఐదోది ఇచ్చాడు. కొట్టువాడు విసుక్కున్నా పట్టించుకోలేదు. ఆ రోజు నాకు ఎంత ధీమాగా అనిపించిందో డైరీలో ఒక పేజీ నిండా ఉంది.

అరంగుళం ఉలి కూడా కావాలని అడిగాను. ఆ రోజే కాదు, తరువాత ఇంకో రెండుసార్లు అడిగినట్టు రాసి ఉంది. మూడుసార్లూ ఒకటే జవాబు: అంగుళం ఉలి చాలు, దాంతో నీకేం పని. అతను వద్దన్నాడు కనుక వద్దనుకున్నాను. కాళ్ల కోసం పలకలో బెజ్జాలన్నీ ఆ వెడల్పు ఉలితోనే తొలిచాను. బెజ్జాలు పెద్దవై కాళ్లు వదులైతే జిగురు పోసి, చీలలు కొట్టి బిగించాను. అతను వచ్చి చూసి, బాగుంది బావా అన్నాడు.

మందిరం అరుగు మీద ఆ సాయంత్రం ఎవరో ఒకరు చెప్పక తప్పలేదు. పాస్టరు గారే చెప్పారు. కిందటేడు ఆగస్టులో స్త్రీల ప్రార్థన జరుగుతుండగా నా బెంచీ కాలు ఊడింది. కూర్చున్న మామ్మగారు కింద పడింది. కుడి మణికట్టు విరిగింది.

మణికట్టు సంగతి నాకు తెలుసు. స్నానాల దొడ్డిలో జారిపడిందని నాకు చెప్పారు. కమలాపళ్లు పట్టుకుని చూడ్డానికి వెళ్లాను. నేల నున్నగా ఉందా, చెప్పులు వేసుకున్నారా అని వివరంగా అడిగాను. ఆవిడ కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని అన్నిటికీ ఓపికగా జవాబు చెప్పింది. ఇంటికి వచ్చి నాలుగు రోజులు పని చేసి, ఆవిడ కూర్చుని స్నానం చేయడానికి ఒక పీట చేసి పట్టుకెళ్లి ఇచ్చాను. ఆవిడ నా తల మీద చెయ్యి వేసి ప్రార్థన చేసింది.

ఆ వారమే వడ్రంగి నా బెంచీని పట్టుకుపోయి, అదే కర్రతో అలాంటిదే ఇంకోటి చేసి పెట్టాడు. కవిటిలో మా బావమరిది తోటలో తుపానుకు పడిన పనసమాను మొద్దులో సగం కోతకని అతని కొట్టులోనే ఉంది. రంగు కలిసిపోయింది. పదహారు నెలలుగా ప్రతి ఆదివారం నేను ఆ బెంచీ మీదే కూర్చున్నాను. కొత్తవాళ్లు వస్తే నేను చేసిందేనని చూపించాను కూడా.

ఎందుకు చెప్పలేదని అతన్నే అడిగాను.

"సెప్తే నువ్వు డైరీలో రాసీసుకుంటావు బావా. ప్రతి ఏడూ ఆ రోజొచ్చీసరికి తీసి సదూకుంటావు. సచ్చీదాకా సదూకుంటావు."

పాస్టరు గారు నవ్వు ఆపుకున్నారు. మామ్మగారు నన్ను ఊరుకోబెడదామని అంది: "నీ పీట మాత్రం గట్టిదే నాయనా. దాని మీద ఆవకాయ జాడీ ఎట్టాను. ఇప్పటిదాకా పడ్లేదు."

"మరి బల్ల?" అన్నాను. "నేను చేస్తే కాళ్లు ఊడతాయని తెలిసి బల్ల నాకెందుకు ఒప్పచెప్పారు?"

వడ్రంగి అరుగు అంచున ఉన్న సున్నం పెచ్చు ఒకటి బొటనవేలితో గీకాడు. తన కొట్టులో గోనెసంచుల కింద ఒక బల్ల చేసి ఉంచానని, నా కొలతలేనని చెప్పాడు. నాది మందిరానికి చేరాక ఎప్పుడో ఒక రోజు మార్చేద్దామనుకున్నారట.

ఎవరు చేయమన్నారని అడిగాను.

"నానే సెప్పానండీ," అంది నా భార్య.

నలభై మూడేళ్ల కాపురంలో ఆవిడ నా దగ్గర దాచినదేదీ లేదని నేను నమ్మేవాడిని. బెంచీ సంగతి తెలిస్తే నేను షెడ్డుకు తాళం వేసి మంచం ఎక్కేస్తానని భయపడ్డానంది. ప్రతి రోజూ సాయంత్రం నాకు టీ తెచ్చి ఇచ్చి, నేను చెక్కిన కాలు చేత్తో తడిమి, నునుపుగా వచ్చిందండీ అని ఆవిడే అనేది.

చివరికి ఉలి సంగతి అడిగాను. మూడుసార్లు ఎందుకు వద్దన్నావని.

"నీకు పీటలు సాలనుకున్నాను బావా. నువ్వు బెంచీలు, బల్లలు మొదలెడతావని నానేటి కలగన్నానా?"

మిగతా దాపరికాలన్నీ బెంచీ విరిగాక చేసినవి. ఇది మొదటి రోజుది. పలాస బజారులో రంపం మీటి చెవి దగ్గర పెట్టుకున్న నాడే, నేను ఎంతవరకు చేయగలనో అతను తేల్చేసుకున్నాడు. ఆరు పనిముట్లూ అంతవరకే ఏరాడు. నేను దాన్ని స్నేహమనుకుని పేజీ నిండా రాసుకున్నాను.

ఇంటికి నడుస్తూ నా భార్య రెండుసార్లు ఏదో చెప్పబోయింది. నేను రోడ్డుకు అవతలి పక్కకు మారాను.

మర్నాడు ఆదివారం. ఆరున్నరకు వడ్రంగి గేటు దగ్గరికి వచ్చాడు. పిలవకుండానే వచ్చాడు. షెడ్డు తలుపు తీసి, ఎవరో ముక్కూ మొహం తెలియనివాడి పని అనుకుని చూసి చెప్పమన్నాను. అతను చొక్కా చేతులు మడిచి ఒక్కో కాలూ తీసి దాని బెజ్జంలో పెట్టి, కదిపి, పక్కన పెట్టాడు.

"ఇది పోతాది. ఇదీ పోతాది. ఇది నిలబడతాది." నాలుగోదాన్ని ఎక్కువసేపు కదిపాడు. "ఇదీ పోతాది."

అంతకు ముందు నా పని గురించి అతను ఎప్పుడూ అలా మాట్లాడలేదు. నాకు కష్టంగా ఉన్నా వినడానికి సిద్ధపడే ఉన్నాను. పలక ఎలా ఉందని అడిగాను.

అతను దాని మీద అరచెయ్యి పెట్టి ఈ కొస నుంచి ఆ కొస దాకా నెమ్మదిగా నిమిరాడు.

"పలక బాగుంది బావా. నాను సేసినా ఇలాగే ఉంతాది."

"నిజంగానా?"

"నిజంగానే."

అతని మొహంలోకి చూశాను. బెంచీ చూసి బాగుంది బావా అన్న రోజున కూడా ఆ మొహం అలాగే ఉంది. అతను చొక్కా చేతులు దించుకుని వెళ్లిపోయాడు.

మందిరం గంట కొట్టారు. నా భార్య గేటు దగ్గర నుంచి ఒకసారి పిలిచి, తర్వాత ఒక్కతే వెళ్లింది. నేను మూలమట్టం అంచును పలక మీద నిలబెట్టి, కింద ఎక్కడైనా పల్లం ఉండి వెలుతురు కనిపిస్తుందేమో అని జానెడు జానెడు జరుపుకుంటూ చూశాను. ఎక్కడా కనిపించలేదు. మళ్లీ మొదటి కొస నుంచి మొదలుపెట్టాను.