బేరం తెగేదాకా

మొన్న మా అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో ఒక సర్క్యులర్ వచ్చింది. ఢిల్లీని ఆనుకుని ఉన్న వైశాలిలో మేముండే తొమ్మిదంతస్తుల భవనం గేటు ముందు కూరగాయల బళ్ళు ఇకపై పది నిమిషాలకు మించి ఆగకూడదట. అమ్మేవాళ్ళు సొసైటీ ఇచ్చిన కార్డు మెడలో వేసుకోవాలట, లేకపోతే గార్డు పంపేస్తాడట. దాని కింద అప్పటికే ఇరవై ముప్ఫై మంది బొటనవేళ్ళు ఎత్తి కూర్చున్నారు. నాకూ రూళ్ళంటే గౌరవమే. ముప్ఫై ఏళ్ళు ప్రభుత్వ పాఠశాలలో లెక్కలు చెప్పినదాన్ని, గౌరవం లేకపోతే ఎలా? కానీ "ఆగకూడదు" అన్న మాట దగ్గర నా వేలు ఆగిపోయింది. సరిగ్గా ఆ మాటనే నేను పదకొండో ఏట ఢిల్లీ సరోజినీ నగర్‌లో మా నాన్న నోట విన్నాను. ఒక ఆకుకూరలావిడ లైసెన్సు కాగితం వెనకవైపు అది అచ్చయి ఉంది.

డెబ్భైలలో మా నాన్నకి అక్కడ గవర్నమెంటు క్వార్టరు ఇచ్చారు. రెండు గదులు, ఒక వరండా, మెట్ల ముందు ఒక నేరేడు చెట్టు. వానలు మొదలయ్యే వేళకి పళ్ళు రాలి దారంతా ఊదారంగు అయ్యేది, మా చెప్పుల అడుగున అంటుకుని ఆ రంగు ఇంట్లోకి కూడా వచ్చేది, అమ్మ గడపలోనే నిలబడి మమ్మల్ని తిట్టేది. చుట్టుపక్కల బ్లాకులన్నీ కలిపి తెలుగువాళ్ళం ఏడెనిమిది కుటుంబాలం. మాది రాజమండ్రి వైపు. మా పై క్వార్టరులో కరీంనగర్ ఆంటీ వాళ్ళు ఉండేవారు. అమ్మకీ ఆంటీకీ పప్పులో చింతపండు ఎంత వెయ్యాలన్న దగ్గర నుంచి ఏ విషయంలోనూ పొత్తు కుదిరేది కాదు, ఒక్క గోంగూర విషయంలో తప్ప. ఆ రోజుల్లో మా మార్కెట్లో గోంగూర ఎంత వెతికినా కనపడేది కాదు. "దేశానికంతటికీ రాజధాని అన్నారు, పచ్చడి చేసుకుందామంటే ఒక్క కట్ట దొరకదు" అని అమ్మ నాన్నని నిలదీసేది, ఆ లోటుకి నాన్నే సంతకం పెట్టినట్టు.

ఆ లోటు తీర్చింది గోంగూర దీదీ. మేము పెట్టుకున్న పేరే అది, ఆవిడ అసలు పేరు మాకెవరికీ తెలియదు. మొదట్లో తెచ్చేవి పాలకూర, మెంతికూర, కొత్తిమీర. యమున ఒడ్డున కౌలుకి తీసుకున్న చెక్కలో పండించి, తెల్లవారకముందే కోసి, బస్సులో తట్టతో దిగేది. నెత్తిన తట్టతో మూడంతస్తులూ ఎక్కి, ఒక్కో తలుపూ తట్టి, మళ్ళీ దిగి, పక్క మెట్లు ఎక్కేది. ఎప్పుడూ రొప్పడం చూడలేదు. ఒక వేసవిలో ఊరి నుంచి తిరిగొస్తూ అమ్మ గోంగూర విత్తనాలు రుమాలులో ముడి వేసుకుని తెచ్చింది. సగం హిందీ, సగం చేతి సైగలతో అది ఎలాంటి ఆకో, ఎంత పుల్లగా ఉంటుందో ముఖం వంకర పెట్టి మరీ చూపించింది. దీదీ నవ్వి, ముడి కొంగున కట్టుకుపోయింది. నెలన్నర తిరిగేసరికి ఒక పొద్దున్న మెట్ల కింద నుంచి "బీబీజీ! గుంగూరా ఆ గయా!" అని కేక. అమ్మ పొయ్యి మీద పాలు వదిలేసి పరుగెత్తింది. పాలు పొంగిపోయాయి, మా అమ్మ జీవితంలో పొంగిన పాలకి విచారించనిది ఆ ఒక్కరోజే. పైనుంచి ఆంటీ కూడా దిగొచ్చి, ఆకు వాసన చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

దీదీ తలమీద కప్పుకునే ఓఢ్నీకి ఎప్పుడూ ఒక ఇత్తడి బిళ్ళ పిన్నుతో పెట్టి ఉండేది. మున్సిపాలిటీ ఇచ్చిన బిళ్ళ, దాని మీద నంబరు. అమ్మ ఇచ్చిన చింతపండు పిప్పితో రోజూ తోమేది. నాన్న దాన్ని చూసి, "మా ఊరివైపు కలెక్టరాఫీసు బిళ్ళ బంట్రోతుకి కూడా ఇంత మెరిసే బిళ్ళ లేదే!" అనేవాడు. ఆ బిళ్ళంటే ఆవిడకి ప్రాణం. భర్త పోయాక రెండేళ్ళు ఎవరిళ్ళలోనో గిన్నెలు తోమిందట, ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి బిళ్ళ తెచ్చుకున్నాక మానేసింది. "ఇది ఉన్నంతకాలం నన్ను ఎవరూ 'ఓయ్' అని పిలవరు, 'ఏం తెచ్చావు?' అని అడుగుతారు" అని అమ్మతో హిందీలో చెప్పింది. ఆ తేడా అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

ఒక వానాకాలం బస్సు దిగుతూ జారిపడి దీదీ మోకాలు విరిగింది. మూడు నెలలకి తిరిగి వచ్చింది కానీ ఆ మోకాలు ఇక వంగలేదు. మెట్లు ఎక్కడం కల్ల. నేరేడు చెట్టు కింద పీట వేసుకుని, కాలు చాపుకుని కూర్చునేది, మేమే దిగి వెళ్ళేవాళ్ళం. నెల తిరక్కుండా మున్సిపాలిటీ ఇన్‌స్పెక్టరు రెండుసార్లు వచ్చి, లైసెన్సు వెనక రెండుసార్లు ఎర్రసిరాతో రాసిపోయాడు. దీదీకి చదువు రాదు. కాగితం తెచ్చి నాన్న చేతిలో పెట్టింది. నాన్న మంత్రిత్వ శాఖలో గుమాస్తా. రూలు కాగితం కనపడితే ఆకలి కూడా మరిచిపోయే మనిషి. కళ్ళజోడు సర్దుకుని చదివి చెప్పాడు: "ఇది తిరుగుతూ అమ్ముకునే లైసెన్సు. ఒకచోట ఆగకూడదు. కొనేవాళ్ళు పిలిస్తే ఆగొచ్చు, బేరం తెగగానే కదలాలి. కూర్చుని అమ్మేవాళ్ళ లైసెన్సు వేరే, అది ఇప్పుడు ఎవరికీ కొత్తగా ఇవ్వడం లేదు. మూడోసారి రాస్తే బిళ్ళ వెనక్కి తీసుకుంటారు." దీదీ చెయ్యి బిళ్ళ మీదకి పోయింది. ఆ రోజు కొత్తిమీర కొసరు వెయ్యడం కూడా మరిచిపోయింది.

ఆడవాళ్ళు సభ పెట్టారు. కొనేవాళ్ళు ఉన్నంతసేపూ ఆగొచ్చు కదా, అయితే ఎప్పుడూ ఎవరో ఒకరు కొంటూనే ఉంటే సరి. బ్లాకుల వారీగా వంతులు వేసుకున్నారు. వారం రోజులు మా ఇళ్ళు ఆకుకూరలతో నిండిపోయాయి. కొత్తిమీర పచ్చడి, కొత్తిమీర చారు, కొత్తిమీర అన్నం. చివరికి అమ్మ కాఫీలో కూడా వేస్తుందేమోనని నాన్న గ్లాసు లోపలికి చూసి తాగేవాడు. ఆంటీ మెట్ల మీద నిలబడి, "అక్కా, మావోడు కొత్తిమీర జూస్తె పారిపోతున్నడు, ఇగ నాతోని కాదు" అంది. మిగిలింది ఏం చేస్తాం? చాటుగా పారేశాం. ఎనిమిదో రోజు పొద్దున్న దీదీ వస్తూ వస్తూ చెత్తకుండీ దగ్గర ఆగింది. వాడని కట్టలు, తన చేత్తో కట్టిన నారతో సహా. నేను వరండాలోంచి చూస్తున్నాను. ఆవిడ వంగలేని కాలితోనే వంగి ఒక కట్ట తీసి, కుంటుకుంటూ వచ్చి మా అమ్మ ముందు పెట్టింది. "బీబీజీ, తినడానికి పండించాను. పారెయ్యడానికి కాదు. ఇలాగైతే బిళ్ళ నేనే ఇచ్చేస్తాను" అని హిందీలో నెమ్మదిగా అంది. అరిచినా బాగుండేది. అమ్మ సిగ్గుతో తల ఎత్తలేకపోయింది. అంత కష్టంలో ఉండి కూడా ఆకుకి జరిగిన అవమానం గురించి అడిగిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు, ఆ తరువాతా చూడలేదు.

ఆ సాయంత్రం నాన్న కాగితం మళ్ళీ అడిగి తెప్పించుకుని మళ్ళీ చదివాడు. మూడోసారి చదివినప్పుడు ముఖం వెలిగింది. "ఏవే, ఇందులో కొనాలని ఎక్కడుంది? బేరం తెగేదాకా అని ఉంది. తెగకపోతే?" అమ్మ కొంచెంసేపు ఆలోచించింది. "బేరమాడ్డం మాకు ఒకళ్ళు నేర్పాలా?" అంది. "కూర్చుని బేరమాడకూడదని కూడా లేదు, నేను చూశాను" అన్నాడు నాన్న గర్వంగా. మర్నాటి నుంచి వంతుకొచ్చినవాళ్ళు కావలసిందే కొనేవారు, బేరం మాత్రం బియ్యం ఏరుతూ, స్వెటరు అల్లుతూ సాగేది. దీదీకి కూడా ఇది నచ్చింది. పారెయ్యాల్సింది ఏమీ లేదు, మాటలే కదా.

ఇన్‌స్పెక్టరు రావడం మాత్రం కొనేవాళ్ళెవరూ లేని వేళ చూసి వచ్చాడు. పదకొండు గంటలు. ఆడవాళ్ళందరూ కిరోసిన్ లైన్లో ఉన్నారు. స్కూటరు దిగి, వెనకే వస్తున్న, సరుకు ఎత్తుకుపోయే మున్సిపాలిటీ ట్రక్కుని ఆపి, జేబులోంచి ఎర్రసిరా కలం తీశాడు. ఆ వారం నాన్నకి, నాకు కళ్ళకలక. అందుకే ఇద్దరం ఇంట్లో ఉన్నాం. నల్లకళ్ళద్దాలు, బనీను, అడ్డకట్టు పంచెతో నాన్న మెట్లు దిగి పరుగెత్తాడు. జన్మలో ఒక్క ఆకు కొన్నవాడు కాదు. ఒక గోంగూర కట్ట పట్టుకుని, "కిత్నా?" అని గర్జించాడు.

"పైంతీస్ పైసే, బాబూజీ" అంది దీదీ. అంటే ముప్ఫై అయిదు.

"బహుత్ జ్యాదా హై! పైంతాలీస్ మే దో!" అన్నాడు నాన్న.

అంటే చాలా ఎక్కువ, నలభై అయిదుకి ఇవ్వమని. ఢిల్లీ వచ్చి పద్నాలుగేళ్ళయినా హిందీ అంకెలు ఇరవై దాటితే నాన్నకి అడవే. దీదీ కనురెప్ప కూడా కదపలేదు. "నహీఁ బాబూజీ, పైంతీస్ సే ఏక్ పైసా జ్యాదా నహీఁ లూఁగీ," ముప్ఫై అయిదుకి మించి ఒక్క పైసా తీసుకోనంది. "నేనూ తగ్గను. ఆఖరి మాట, పచ్‌పన్!" అన్నాడు నాన్న, యాభై అయిదుకి ఎగబాకి. ఇన్‌స్పెక్టరు కలం పట్టుకుని ఒకసారి ఈవిడ వైపు, ఒకసారి ఆయన వైపు చూశాడు. పావుగంట గడిచింది. నాన్న ఎండలో చెమటలు కక్కుతూ అరవై అయిదు దాకా వెళ్ళాడు. దీదీ ముప్ఫై అయిదు దగ్గరే కూర్చుంది. ఇక ఉండబట్టలేక ఇన్‌స్పెక్టరు, "అరే బాబూజీ, ఆప్ ఉల్టే జా రహే హైఁ!" మీరు ఎదురు దిక్కుకి పోతున్నారండీ, అని అరిచి, వేళ్ళు మడిచి నాన్నకి అంకెలు చెప్పడం మొదలుపెట్టాడు. ఇక్తీస్, బత్తీస్, తైంతీస్. నాన్న బుద్ధిగా వల్లెవేశాడు, మళ్ళీ పైంతీస్ దగ్గర తప్పాడు. ట్రక్కు డ్రైవరు స్టీరింగు మీద తల పెట్టుకుని నవ్వుతున్నాడు. కొంతసేపటికి ఇన్‌స్పెక్టరు కూడా నవ్వాడు. కలం మూత పెట్టి, దీదీతో, "చల్తీ రహో," కదులుతూ ఉండు, అన్నాడు.

దీదీ పీట మీదే కూర్చుని, చాపిన కాలు చాపినట్టే ఉంచి, బిళ్ళ సరిచేసుకుని, "చల్ తో రహీ హూఁ, సాబ్" అంది. కదులుతూనే ఉన్నానండీ అని. అంత నిబ్బరంగా చెప్పేసరికి నేను నిజంగానే ఆవిడ కాళ్ళ వైపు చూశాను.

మూడో ఎర్రగీత ఇక ఎప్పుడూ పడలేదు. ఏటా లైసెన్సు తిరగరాయించుకునేది, నాన్న ఫారం నింపేవాడు, 'అమ్మే స్థలం' అన్నచోట 'తిరుగుతూ' అని గుండ్రటి చేతిరాతతో రాసేవాడు. ఆ రోజు నాన్నకి అంకెలు నిజంగా రాకనా, వచ్చి రానట్టు నటించాడా అన్నది మా ఇంట్లో ఇప్పటికీ తేలలేదు. అమ్మ మాత్రం, "మీ నాన్నకి అంత తెలివా!" అని కొట్టిపారేసేది. అడిగితే నాన్న నవ్వేవాడు. ఎనభైల చివర నాన్న రిటైరై మేము జనక్‌పురికి మారిపోయే రోజున దీదీ ఒక గుడ్డముడి అమ్మ చేతిలో పెట్టింది. విప్పితే గోంగూర విత్తనాలు. ఇద్దరూ ఒకరి చేతులు ఒకరు పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఇన్నేళ్ళలో ఆ ఒక్కసారే వాళ్ళ మధ్య బేరం లేదు.

సర్క్యులర్ చదివిన సాయంత్రం నేను లిఫ్టులో కిందికి దిగాను. గేటు ముందు ఒకామె బండి ఆపి ఉంది, గార్డు గడియారం చూసుకుంటున్నాడు. ఒక తోటకూర కట్ట చేతిలోకి తీసుకుని ఎంతని అడిగాను. ఇరవై అంది. లెక్కల టీచర్ని, గొంతు సవరించుకుని, "బహుత్ జ్యాదా హై, తీస్ మే దో," ముప్ఫైకి ఇవ్వు, అన్నాను. ఆమె నా ముఖంలోకి ఒక్క క్షణం చూసి, తూకంరాళ్ళు పక్కన పెట్టి, తీరిగ్గా బండికి ఆనుకుంది. కాగితాల ప్రకారం మా దీదీ ఆ నేరేడు చెట్టు కింద ఒక్కరోజు కూడా ఆగలేదు. ఆవిడ కూర్చున్న ఆ పదకొండేళ్ళు మాత్రం అక్కడి నుంచి ఇప్పటికీ కదలలేదు.