ఉదయగిరి ఇంట్లో బావికి వేసిన తాళం

ఉదయగిరి కొండ కింద మాకు రెండు గదుల ఇల్లుంది. నేనుండేది నెల్లూరులో. దుర్గం చూడటానికి వచ్చేవాళ్లకు ఆ ఇల్లు అద్దెకిస్తుంటాను. బుకింగులన్నీ ఫోన్లోనే. తాళాలిచ్చి మంచీచెడ్డా చూసేది పక్క పల్లెలో ఉండే దావీదన్న. మీరూ ఇలా దూరం నుంచి ఇల్లు నడుపుతున్నా, అలాంటి ఇంట్లో దిగబోతున్నా, మొన్న ఆదివారం నేను చేసిన ప్రయాణం చదవండి. సరదాకి బయల్దేరింది కాదది. పొద్దున కాఫీ తాగుతూ, ఎప్పుడో గానీ చూడని పెరటి కెమెరా ఫోన్లో తెరిచాను. బావి మీది ఇనప జాలీ తలుపు బార్లా తెరిచి ఉంది. గట్టు పక్కన చిన్న ఎర్ర చెప్పులు. కెమెరాకు అందే ఆ కాస్త మేరలో మనిషి జాడ లేదు. ముందురోజు దిగిన బెంగళూరు దంపతులకు నాలుగేళ్ల పాప ఉంది. ఇంకాస్త చూసేలోపే ఫోన్లో వీడియో ఆగిపోయింది.

దావీదన్నకు చేశాను, కలవలేదు. పాప అమ్మానాన్నలకు చేశాను, కలవలేదు. ఆ పల్లెలో ఇంకెవరి నంబరూ నా దగ్గర లేదని అప్పుడు తెలిసొచ్చింది. పిల్లలతో ఎవరు దిగినా దావీదన్న బావికి తాళం వేసి ఫొటో పంపుతాడు. శనివారమూ పంపాడు. మరి తెరిచిందెవరు? కారు తీసే ధైర్యం లేక బస్టాండుకి పరిగెత్తాను.

నెల్లూరు నుంచి సంగం, ఆత్మకూరు మీదుగా ఉదయగిరికి బస్సులు బాగానే ఉన్నాయి. మూడు గంటల ప్రయాణం. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్టు ఉచితం. మామూలు రోజైతే సంగం దగ్గర పెన్న చూడటానికి కిటికీ సీటు కోసం పోట్లాడేదాన్ని. ఆ రోజు నీళ్లు కనపడగానే కళ్లు మూసుకున్నాను. ఆత్మకూరులో టిఫిన్‌కని బస్సు ఆపారు. ఎంతకీ కదలదు. దిగి వెళ్లి కండక్టర్ని అడిగాను.

"తిననీ గదమ్మా. ఏంది అంత తొందర?" అన్నాడు.

"మా ఇంట్లో చిన్నపిల్ల ఉందన్నా. బావి మూత తెరిచి ఉంది. ఎవరూ ఫోను ఎత్తడం లేదు."

అతను వెంటనే "ఒరే, చాల్లేరా, పోదాం," అని లోపలికి కేకేశాడు. డ్రైవరు సగం దోసె వదిలేసి లేచాడు.

ఆత్మకూరు దాటాక దారంతా మెట్ట. ఆ తల్లికి ఏం చెప్పాలి అనే ఆలోచిస్తూ కూర్చున్నాను. ఉదయగిరిలో ఆటో అతను రెండొందలన్నాడు, నోరెత్తకుండా ఎక్కాను. మీరు బేరమాడండి, నూటయాభైకి వస్తారు. ఫోన్ల సంగతి అడిగితే, "పొద్దున్నుంచి కరెంటు లేదక్కా. అది పోతే ఇక్కడ టవరు కూడా పోతాది," అన్నాడు. ఫోన్లు ఎందుకు కలవలేదో తెలిసింది. చెప్పులు అక్కడెందుకున్నాయో మాత్రం తెలియలేదు.

ఇంటి ముందు ఎవరూ లేరు. పెరట్లోకి పరిగెత్తాను. బావి చుట్టూ ఐదారుగురు ఆడవాళ్లు బిందెలతో ఉన్నారు. ఒక అవ్వ ఒళ్లో కూర్చుని పాప జామకాయ తింటోంది. తల్లి పక్కనే నిలబడి, చేద లాగడం నేర్చుకుంటూ నవ్వుతోంది. నేను అక్కడే నేల మీద కూలబడి ఏడ్చేశాను.

తర్వాత కోపం వచ్చింది. అప్పుడే చర్చి నుంచి వచ్చిన దావీదన్నను నిలదీశాను.

"మంచినీళ్ల బాయికి ఈ పక్క ఎవురూ తాళం ఎయ్యరమ్మా," అన్నాడు. "నీకు ఫోటో పంపినాక మళ్లా తీస్తాను. మా పల్లెంతా ఈ నీళ్లే తాగతాది. పైన బోర్లల్లో ఉప్పునీళ్లు."

"పాప చెప్పులు గట్టు పక్కన చూసి నా ప్రాణం పోయింది."

"నీళ్లు తోడేకాడికి చెప్పులతో రాగూడదని నేనే ఇప్పించినా," అంది అవ్వ. "బిడ్డను ఒంటిగా వదులుతామా? తెల్లారినకాడ్నుంచి పొద్దుగూకేదాకా ఈడ ఎవురో ఒకరు ఉండనే ఉంటారు."

నేను వినలేదు. పిల్లలున్నప్పుడు తాళం పడాల్సిందేనన్నాను. దావీదన్న తలుపు మూసి తాళం వేశాడు. నా తృప్తి కోసం జాలీని అవతలి మూల కాలితో నొక్కి చూశాను. అది కిందికి దిగిపోయింది. దావీదన్న వంగి పట్టుకుంటే తుప్పు పట్టిన బిగింపు చేతికి ఊడొచ్చింది. ఆ సందులోంచి నాలుగేళ్ల పిల్ల సులువుగా పడిపోతుంది. అతని ముఖం తెల్లబోయింది. "ఇది నేనూ చూసుకోలేదమ్మా," అన్నాడు. తాళం ఉంటే నీళ్లకొచ్చి కనిపెట్టుకునే ఆడవాళ్లూ ఉండరు, అందుకే నేను తాళం తీసేయమన్నాను.

ఆ రోజు నుంచి బుకింగులు ఆపేశాను. బావి చుట్టూ నడుమెత్తు గోడ లేచేదాకా ఎవరికీ ఇవ్వను. నీళ్లకు వచ్చేవాళ్లు వస్తూనే ఉంటారు. ఇన్నాళ్లూ తాళం ఫొటో చూసి నేను నెల్లూరులో హాయిగా నిద్రపోయాను. పిల్లలను కాపాడింది మాత్రం నాకు పేర్లు కూడా తెలియని ఆ ఆడవాళ్లు. ఆదివారం గడిచినా ఆ సందు కళ్ల ముందు నుంచి పోవడం లేదు. పిల్లలతో ఇలాంటి ఇంట్లో దిగబోయేవాళ్లకు ఒక్క సలహా. ఫొటోలు అడగకండి. ఆ ఇంట్లో మీరు చివరిసారి ఎప్పుడు పడుకున్నారని ఓనర్ని అడగండి. నన్ను ఎవరైనా అడిగి ఉంటే, ఎన్నాళ్లయిందో గుర్తు లేదని ఒప్పుకోవాల్సి వచ్చేది.